పోతరాజుకు నూటికి రెండా?

ఆ గురువారం పొద్దున రాఘవేందర్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. టిఫిన్ వేళకి రిపోర్టు పంపాలి. మధ్యాహ్నం మంచి చొక్కా ఇస్త్రీ చేయించుకోవాలి. సాయంత్రం ఏడింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అమెరికాలో ఉన్న పెద్ద మేనేజరుతో నవ్వుతూ మాట్లాడి, ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలి. లాలాగూడలో రెండు గదుల ఇంట్లో ఉండే మనిషి ఇంతకంటే తక్కువ కోరుకోవడం కష్టం.

అతని పని ఏమిటో చెబితే నమ్మరు. అయినా చెప్పాలి. అమెరికా, కెనడాల్లో మంచు మీద హాకీ ఆడతారు. ఆ ఏడాది ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు ఎవరికి వస్తుందో జనం ముందుగానే ఊహించి చెప్పే వెబ్‌సైటు ఒకటుంది. డబ్బు పెట్టక్కర్లేదు. చేరినవాళ్లకు ఉత్తుత్తి పాయింట్లు ఇస్తారు, ఇంకొకరిని చేర్పిస్తే మరికొన్ని ఇస్తారు. ఎవరి పేరు మీద ఎక్కువ పాయింట్లు పడితే వాళ్ల ధర పెరుగుతుంది, పెట్టినవాళ్లు అమ్మేసుకుంటే తగ్గుతుంది. ధర తక్కువ ఉన్నప్పుడు పెట్టిన పేరు గెలిస్తే పాయింట్లు అన్ని రెట్లు తిరిగొస్తాయి. ధర నలభై ఉందంటే, అతను గెలిచే అవకాశం నూటికి నలభై పాళ్లని జనం నమ్ముతున్నట్టు. దీన్ని ప్రిడిక్షన్ మార్కెట్ అంటారు. సూటు వేసుకున్నవాళ్లు "జనం తెలివి" అంటారు. ఆ ధర ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో ప్రతి గోల్‌కీపర్ పేరు ఎదుట "ఎందుకు" అనే గడిలో రాయడం రాఘవేందర్ పని. మంచు గురించి అతనికి తెలిసిందల్లా చెరుకురసం బండి మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన దిమ్మ ఒక్కటే.

పనిలో చేరి ఏడాదిన్నర. అయినా ప్రొబేషనే. ప్రొబేషన్ అంటే మనిషి చేత పనంతా చేయించుకుని, మనిషిని మాత్రం మనవాడని ఒప్పుకోకపోవడం. పి.ఎఫ్. లేదు, సెలవు లేదు, జ్వరమొస్తే ఆ రోజు జీతం లేదు. కంపెనీ కాగితాల్లో అతను ఉద్యోగి కాడు, "సహకారి". ఇదేం సహకారమని అడిగితే ఆ రోజుతో సహకారం ఆగిపోతుంది.

ఆ వెబ్‌సైటులో ఆశ పెట్టే నియమం కూడా ఒకటుంది. సీజన్ చివర అందరికంటే ఎక్కువ పాయింట్లు ఉన్నవాళ్లను కంపెనీ "మార్కెట్ నిపుణులు"గా ఉద్యోగంలోకి తీసుకుంటుంది. ఇంటర్వ్యూ లేదు, ప్రొబేషన్ లేదు. ఒక్కటే షరతు: కంపెనీ ఉద్యోగులు, వాళ్ల ఇంటివాళ్లు ఆడకూడదు.

రాఘవేందర్ రిపోర్టు రాస్తుండగా తల్లి దేవమ్మ చాయ్ తెచ్చి, స్క్రీన్ చూసి ఆగిపోయింది.

"ఎవర్రా గీన?"

అక్కడున్నది హెన్రీ వాల్టోలా అనే ఫిన్లాండ్ గోల్‌కీపర్ ఫోటో. ఒంటినిండా పరుపులు కట్టుకున్నట్టున్నాడు. ముఖానికి పసుపుపచ్చ మాస్కు. దాని మీద ఎర్ర చారల మధ్య గుండ్రంగా రెండు పెద్ద కళ్లు, నుదుట ఎర్రటి బొట్టులాంటి మచ్చ, చేతిలో కర్ర.

"గోల్‌కీపరమ్మా."

"అచ్చం పోతరాజు లెక్క ఉన్నడు కదరా!"

బోనాల్లో అమ్మవారికి ముందు కాపలాగా నడిచేవాడు పోతరాజు. ఒంటినిండా పసుపు, కళ్లకు కాటుక, నుదుట కుంకుమ, చేతిలో కొరడా. దేవమ్మ తమ్ముడు సోమయ్య చాలా ఏళ్లు ఆ గల్లీకి పోతరాజు వేషం కట్టాడు. మోకాలు చెడ్డాక కమిటీవాళ్లు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి వేరేవాణ్ని తెచ్చారు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

రాఘవేందర్ టైపు చేస్తూనే అన్నాడు. "గట్లనే అనుకో. ఈన పని సుత గదే. వాకిట్ల నిలవడ్తడు, లోపటికి ఏదీ రానియ్యడు."

"మరి పక్కన రెండు అని ఉన్నదేంది?"

"నూటికి రెండు. ఈన మీద ఎవ్వలకు నమ్మకం లేదన్నట్టు. తుంటికి దెబ్బ తాకింది. మస్తు దినాల సంది పక్కకు కూసోవెట్టిన్రు."

దేవమ్మ ఇవ్వబోయిన గ్లాసు వెనక్కి తీసుకుంది. "పోతరాజుకు నూటికి రెండా?"

"అమ్మా, జెర చాయ్ ఆడ పెట్టు."

"ఎవలన్నా ఒత్తొచ్చా దీన్ని?"

"ఎవలన్నా ఒత్తొచ్చు. ఫోన్ల సుత ఒత్తొచ్చు. పైసలు గిట్ల ఏం లేవు."

అన్నాడు, మరిచిపోయాడు. రిపోర్టు పంపి స్నానానికి పోయాడు.

దేవమ్మ చదివింది ఐదో తరగతి. ఫోన్ విషయంలో మాత్రం ఆమె ముందు చాలామంది పట్టభద్రులు బలాదూర్. గల్లీ బోనాల కమిటీ వాట్సాప్ గ్రూపుకు ఆమే అడ్మిన్. ముందు తన ఖాతా తెరిచి, ఉన్న పాయింట్లన్నీ రెండు దగ్గరే పోతరాజు మీద పెట్టేసింది. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"అక్కలారా, చెల్లెలారా, పరదేశంల మన పోతరాజు ఒకాయన ఉన్నడు. కాలుకు దెబ్బ తాకిందని పక్కకు కూసోవెట్టిన్రంట. నూటికి రెండు ఇచ్చిన్రు. రెండు! మా సోమయ్యకు ఏం చేసిన్రో ఆయనకు సుత గదే చేసిన్రు. కింద లింకు పెడ్తున్న. అందరు ఒత్తున్రి. పైసా ఖర్సు లేదు."

పక్కింటి గవరమ్మది విజయనగరం. ఆమె ఆ ఫోటో చూసి గోడ మీంచి తల పెట్టింది.

"ఏటి దేవమ్మొదినా, పోతురాజు మీ తెలంగాణోళ్లకే సొంతమేటి? మా ఊళ్లో అమ్మోరికి తమ్ముడు కాదేటి ఆయన? ఆ యేసం సూస్తే మా వైపోడిలాగే ఉన్నాడు."

"మీ దిక్కు గంత పసుపు ఏడ పూస్తరు వదినే? ఊకో."

"ఊరుకోడమేటి! మా ఏ.ఎస్. రావు నగర్ ఉత్తరాంధ్ర సంఘానికి పంపిస్తన్నాను. ఎవులు ఎక్కువ నొక్కుతారో సూద్దుము."

పోటీ షురూ అయింది. ఉత్తరాంధ్ర సంఘంలో అందరూ నొక్కారు. అది చూసి దేవమ్మ తిరుమలగిరిలో ఉన్న చుట్టాలను లేపింది. గవరమ్మ సంఘంవాళ్లు తమ పనిమనుషుల చేత, పాలవాళ్ల చేత నొక్కించారు. లాలాగూడవాళ్లు కల్లు దుకాణం దాకా పోయారు.

ఇస్త్రీ చొక్కా తెచ్చుకుని రాఘవేందర్ గదిలోకి పోయి తలుపేసుకున్నాడో లేదో ఫోన్ మోగింది. తిరుమలగిరి ఆఫీసు నుంచి టీమ్ లీడ్ షెకీనా.

"రాఘవేందర్, వాల్టోలా చూసినవా?"

"చూసిన మేడమ్. రెండే కదా."

"ముప్ఫై ఒకటి!"

రాఘవేందర్ కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. స్క్రీన్ మీద నిజంగానే ముప్ఫై ఒకటి ఉంది. అతను చూస్తుండగానే ముప్ఫై నాలుగైంది.

"మేడమ్, ఆయన ఆడుతనే లేడు! కర్ర వట్టుకొని నడుస్తున్నడు!"

"అదే నేనూ అడుగుతున్న. ఎందుకు? పది నిమిషాల్లో గడి నింపు. ఈరోజు నీ కన్ఫర్మేషన్ ఉంది, ఖాళీ పెట్టకు."

రాఘవేందర్ ప్రపంచమంతా వెతికాడు. జట్టు వెబ్‌సైటులో ఏమీ లేదు. డాక్టరు ఏమీ అనలేదు. కోచ్ ఏమీ అనలేదు. వాల్టోలా ఆఖరిసారి పెట్టిన ఫోటోలో కుక్కకు అన్నం పెడుతున్నాడు. రాఘవేందర్ ఆ కుక్కను కూడా పెద్దది చేసి చూశాడు. వరండాలోంచి ఆడవాళ్ల గోల వినిపిస్తుంటే చిరాకుపడి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

చివరకు నిజాయతీగా "తెలియదు" అని రాశాడు. గడి ఎర్రబడింది. కనీసం ఇరవై మాటలు ఉండాలంది. ఈ కంపెనీల లోకంలో "తెలియదు" అనే నిజానికి చోటు లేదు. ఇరవై మాటల అబద్ధానికైతే ఎర్ర తివాచీ పరుస్తారు. సరేనని రాఘవేందర్ రాశాడు:

"వాల్టోలా తుంటి నొప్పి పూర్తిగా తగ్గిందనీ, తెల్లవారకముందే ఎవరికీ తెలియకుండా ప్రాక్టీసు చేస్తున్నాడనీ, త్వరలో బరిలోకి దిగుతాడనీ ఆయన మేలు కోరే సన్నిహిత వర్గాలు గట్టిగా నమ్ముతున్నాయి."

గడి పచ్చబడింది. ఆ సమయానికి సన్నిహిత వర్గాలు గోడకు అవతల వరండాలో కూర్చుని మిర్చిబజ్జీలు తింటున్నాయి.

అమెరికాలో అప్పుడు రాత్రి. నిద్రపట్టని హాకీ పిచ్చోళ్లు ఆ వాక్యం చూశారు. చూసి వాళ్లూ పాయింట్లు పెట్టారు. ఫిన్లాండులో అప్పటికే పొద్దెక్కింది. అక్కడి విలేకరి ఒకడు వాల్టోలా తల్లి తలుపు తట్టి, మీ అబ్బాయి దొంగతనంగా ప్రాక్టీసు చేస్తున్నాడా అని అడిగాడు. ఆ ముసలమ్మ, నాకేమీ తెలియదు, మావాడు నాకేదీ చెప్పడు అంది. "ఖండించని తల్లి" అని వార్త వచ్చింది. ధర యాభై దాటింది. "ఇంతమంది నమ్ముతున్నారంటే ఏదో ఉండే ఉంటుంది" అని ఒక పెద్ద విశ్లేషకుడు తేల్చాడు. ధర డెబ్బైకి పోయింది. ఏదో ఉన్నమాట నిజమే. లాలాగూడలో ఉంది.

సాయంత్రం షెకీనా మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు వేరేగా ఉంది.

"రాఘవేందర్, మీ ఇల్లు ఎక్కడ?"

"లాలాగూడ మేడమ్. ఎందుకు?"

"వాల్టోలా మీద పడ్డ కొత్త ఖాతాలు ఎక్కడివో చూసినం. ఫిన్లాండ్ కాదు, కెనడా కాదు. సికింద్రాబాద్! మొట్టమొదటి ఖాతా నీ ఇంటి వైఫై నుంచి తెరిచిన్రు. ఆయన బాగైండన్న రిపోర్టు కూడా నువ్వే రాసినవ్. ఏందిది?"

రాఘవేందర్ గోడ అవతలి గోలకు మొదటిసారి చెవి పెట్టాడు.

"ఏడింటి మీటింగు ఇప్పుడు కన్ఫర్మేషన్ కాదు, ఎంక్వైరీ. లీగల్ వాళ్లు సుత వస్తున్నరు. నా నౌకరీ సుత పరేషాన్ల పడ్డది, నీకు దండం పెడ్త, నిజం చెప్పు."

ఫోన్ పెట్టేసి రాఘవేందర్ తలుపు తీశాడు. వాకిట్లో చెప్పులు గుట్టగా పోసి ఉన్నాయి. వరండా నిండా ఆడవాళ్లు. అందరి చేతుల్లో ఫోన్లు, అన్ని ఫోన్లలో పసుపుపచ్చ ముఖం. మధ్యలో కుర్చీలో సోమయ్య, మోకాలికి పట్టీతో, పెళ్లికొడుకులా కూర్చున్నాడు. దేవమ్మ నిలబడి ఎవరికో ఓటీపీ చదివి వినిపిస్తోంది.

"అమ్మా! ఏందే గిది?"

"ఒత్తుతున్నం బిడ్డా. డెబ్బై అయింది చూడు!" అంది దేవమ్మ వెలిగిపోతూ. "పొద్దుగాల రెండుండె."

రాఘవేందర్ గడప మీదే కూలబడ్డాడు. పొద్దున తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

"అమ్మా, ఆయన పోతరాజు కాదే! అది పిలాస్టిక్ టోపీ! రంగేసిన్రు!"

"మనోనికి పసుపు పూస్తరు, ఆయనకు రంగు పూసిన్రు. ఏం ఫరక్ పడ్డదిరా?"

"నా మాట వినున్రి. అందరూ ఇప్పుడే అమ్మేయున్రి. కింద ఎర్ర బటన్ ఉన్నది, గదొత్తున్రి."

వరండాలో ఆడవాళ్లంతా ఫోన్లు వెనక్కి దాచుకున్నారు. దేవమ్మ కొడుకు మీదికి వచ్చింది.

"పోతరాజును అమ్ముకుంటమా?"

"ఏటి బాబూ, నువ్వు సదువుకున్నోడివేనా?" అంది గవరమ్మ గుండెల మీద చెయ్యేసుకుని.

"నా నౌకరి పోతదే అమ్మా!"

అప్పుడే పని నుంచి వచ్చిన భార్య వసుధ వాకిట్లో చెప్పులకు దారి చేసుకుంటూ ఆ మాట విని ఆగింది. ఆమె రైల్వే వర్క్‌షాపులో క్లర్కు, యూనియన్‌లో కార్యవర్గ సభ్యురాలు. దేవమ్మ కోడలి వైపు తిరిగింది.

"ఏందో పోతదంటున్నడు వసుధా. ఏడాదిన్నర సంది అడుగుతున్న, నౌకరి అయిందారా అని. ఇంక కాలేదమ్మా అంటడు. లేని నౌకరి ఎట్ల పోతది?"

వసుధ హ్యాండ్‌బ్యాగు కింద పెట్టి ఆలోచనలో పడింది.

ఏడింటికి ఇస్త్రీ చొక్కాలో రాఘవేందర్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. చొక్కా అప్పటికే చెమటకు ముద్దయింది. తెర మీద ముగ్గురు: పెద్ద మేనేజరు మిల్లర్, ఒక లాయరమ్మ, భయంతో బిగుసుకుపోయిన షెకీనా. గది గుమ్మానికి ఉన్న పరదా వెనక వరండా మొత్తం చెవులు రిక్కించి నిలబడింది. వాళ్ల కోసం షెకీనా ప్రతి మాటా తెలుగులో చెప్పాలని దేవమ్మ ముందే హుకుం జారీ చేసింది.

"మీ ఇంటివాళ్లు ఆడారా?" అని అడిగాడు మిల్లర్.

"మా అమ్మ ఆడింది సార్," అన్నాడు రాఘవేందర్.

లాయరమ్మ కాగితం పైకెత్తి చదివింది. షెకీనా నీరసంగా తెలుగు చేసింది. "ఉద్యోగుల ఇంటివాళ్లు ఆడొద్దని రూలు ఉన్నదంట. నువ్వు దాన్ని తప్పినవంట. ఈరోజు నుంచే తీసేస్తున్నరంట."

రాఘవేందర్ తల వంచుకున్నాడు. పరదా వెనక ఎవరో అయ్యో అన్నారు. అప్పుడు వసుధ కుర్చీ లాక్కుని భర్త పక్కన కూర్చుంది.

"షెకీనా మేడమ్, నా మాట జెర ఉన్నదున్నట్టు చెప్పున్రి. ఉద్యోగుల ఇంటివాళ్లు అన్నరు కదా. అంటే మా ఆయన మీ ఉద్యోగేనా?"

షెకీనా చెప్పింది. మిల్లర్ అవునన్నట్టు తలూపబోయాడు.

"సంతోషం. గది రాసియ్యమనున్రి. ఏడాదిన్నర పి.ఎఫ్. కట్టమనున్రి. సెలవులు లెక్క తీయమనున్రి. జ్వరం వచ్చిన దినాల జీతం తెప్పియ్యున్రి. అప్పుడు తీసేయున్రి, మేం లేబర్ కోర్టుల కలుస్తం. ఉద్యోగి కాడంటే మాత్రం రూలు మాకు తాకది."

షెకీనా ఈ మాటలు తెలుగు చేసినప్పటికంటే చాలా గట్టి గొంతుతో ఇంగ్లీషు చేసింది. ఆమె కూడా నాలుగేళ్లుగా సహకారే.

తెర మీద మిల్లర్ ముఖం తెల్లబోయింది. లాయరమ్మ తన మైకు ఆపేసుకుంది. ఇద్దరి పెదవులూ చాలాసేపు కదిలాయి. మైకు తిరిగి వచ్చేసరికి లాయరమ్మ చిరునవ్వుతో ఉంది. శ్రీ రాఘవేందర్ తమ ఉద్యోగి కాడనీ, ఎన్నడూ కాలేదనీ, ఆయన కేవలం సహకారి అనీ, కాబట్టి ఆయన తల్లిగారి పాయింట్లు నూటికి నూరు పాళ్లు చెల్లుతాయనీ, ఈ మాట రాతపూర్వకంగా కూడా పంపుతామనీ చెప్పింది. ప్రొబేషన్ ఎప్పటిలాగే కొనసాగుతుంది.

రాఘవేందర్ ఉద్యోగం పోలేదు. ఎందుకంటే లేదు.

వాతావరణం తేలిక చేద్దామని మిల్లర్ నవ్వుతూ ఒక మాట అడిగాడు. షెకీనా తెలుగు చేసింది. "మీ ఊర్ల అందరికీ ఆ మాస్కు మీద గుడ్లగూబ అంత ఎందుకు నచ్చిందని అడుగుతున్నరు."

పరదా ఊగిపోయింది. అవతలి నుంచి గవరమ్మ కేక.

"గుడ్లగూబేటి!"

"ఆ జట్టు గుర్తు గుడ్లగూబంట," అంది షెకీనా. "గుండ్రటి కళ్లు గవే."

"అమ్మోయ్! పొద్దుట్నుంచీ గూబకి నొక్కుతున్నామేటి! ఇంటి మీద వాలితేనే శాంతి సేయిస్తామే! అమ్మీండి! అందరూ అమ్మీండి!"

వరండాలో ఎర్ర బటన్లు టపటపా పడ్డాయి. ఏ.ఎస్. రావు నగర్‌లో పడ్డాయి. తిరుమలగిరిలో పడ్డాయి. కల్లు దుకాణంలో మాత్రం కొంచెం ఆలస్యంగా పడ్డాయి. ధర కళ్లముందే డెబ్బై నుంచి తొమ్మిదికి జారింది. అది చూసి అమెరికా విశ్లేషకుడు, జనం తెలివి తన తప్పు తానే దిద్దుకుందని రాశాడు.

ఒక్క దేవమ్మ మాత్రం కదల్లేదు. ఫోను కొంగులో చుట్టుకుని నిలబడింది.

"అమ్మీసీ దేవమ్మొదినా, ఎందుకొచ్చిన పట్టుదల!"

"నువ్వు అమ్ముకో వదినే. గూబ గానీ నక్క గానీ, వాకిట్ల నిలవడి కాపలా కాసెటోడు పోతరాజే. కాలు నొస్తుందని పక్కకు వెట్టుడు నాతోని కాదు."

కుర్చీలో సోమయ్య మోకాలి మీద పట్టీ సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

రెండు రోజుల తర్వాత, శనివారం పొద్దున, రాఘవేందర్ టీవీ పెట్టి చాయ్ గ్లాసు కింద పడేశాడు. వాల్టోలా మంచు మీద ఉన్నాడు. నిజంగానే తుంటి నొప్పి తగ్గిందట. నిజంగానే తెల్లవారకముందే ఎవరికీ తెలియకుండా ప్రాక్టీసు చేస్తున్నాడట. కోచ్ దాన్ని గుట్టుగా ఉంచాడట. ఆ గుట్టు హైదరాబాదు నుంచి ఒక సహకారి ఎలా బయటపెట్టాడో జట్టు యాజమాన్యానికి అంతు పట్టలేదు. రాఘవేందర్‌కు అసలే పట్టలేదు. తాను రాసిన అబద్ధం ఇలా ఎదురు తిరిగి నిజమవుతుందని ఎవరూ అతన్ని ముందుగా హెచ్చరించలేదు.

ఆ తర్వాత సీజనంతా వాల్టోలా వాకిట్లోంచి కదల్లేదు. లోపలికి ఏదీ రానివ్వలేదు. జూన్‌లో అవార్డు అతనిదే అయింది. మరుసటి ఉదయం షెకీనా ఫోన్ చేసింది.

"కంగ్రాట్స్ రాఘవేందర్! పర్మనెంట్ ఆర్డర్ వచ్చింది. పి.ఎఫ్. ఉంది, సెలవులున్నయ్, మెడికల్ ఉంది."

రాఘవేందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "థాంక్యూ మేడమ్. నేను నమ్మలేకపోతున్న."

"నీకు కాదు. దేవమ్మ గారికి. రెండు దగ్గర పెట్టి, చివరిదాకా పట్టుకొని ఉన్నది ఆమె ఒక్కతే. పాయింట్లల్ల ఫస్ట్ వచ్చింది. మార్కెట్ నిపుణురాలు. ఫోన్ ఆమెకియ్యి, సహకారులందరి రివ్యూ ఇంక ఆమే చూస్తది. మనిద్దరిది సుత."

రాఘవేందర్ ఫోను అందించాడు. గవరమ్మ ఆ వార్త విని, గోడ మీంచి పెట్టిన తల వెనక్కి తీసేసుకుంది. ఆషాఢంలో బోనాలకు దేవమ్మ పట్టుబట్టి సోమయ్యకే పసుపు పూయించింది. నలుగురు మోస్తుంటే అతను కుర్చీతో సహా అమ్మవారి ముందు సాగాడు. ఎవరూ నూటికి ఎంత అని అడగలేదు.

పండగ అయ్యాక దేవమ్మ తొలి రివ్యూకు కూర్చుంది. కోడలు ఇంగ్లీషు చదివి చెబుతుంటే షెకీనాను అక్కడికక్కడే పర్మనెంటు చేసింది. కొడుకు పేరు దగ్గర కొంచెంసేపు ఆలోచించి ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించింది. "ఎందుకు" గడి కనీసం ఇరవై మాటలు కావాలని ఎర్రబడితే, "పొద్దుగాల లేస్తలేడు" అన్న ముక్కనే పదిసార్లు రాయించింది.